రొయ్యకాగితం

సత్యవేణి గిన్నె మీద నుంచి పొర తీయబోతుంటే, గదిలో ఉన్న పెద్దమనుషులంతా ముందుజాగ్రత్తగా ముక్కులు మూసుకున్నారు. మరి గిన్నెలో ఉన్నది పండుగప్ప ఇగురాయె. వండి నెల దాటింది. ఫ్రిజ్ మొహం చూడలేదు. నర్సాపురం ఎండల్లో, ప్రయోగశాల బల్ల మీద, పల్చటి పొర ఒక్కటే కప్పుకుని ఇన్నాళ్ళూ కూర్చుంది.

పొర తీసింది. తహసీల్దారుగారు ముందు ఒక వేలు సడలించి చూశారు, తరవాత చెయ్యి పూర్తిగా దించేశారు. కుళ్ళు వాసన లేదు సరికదా, అసలు చేప వాసనే లేదు. కూర వెచ్చబెట్టి ప్లేట్లలో వడ్డించాక గానీ ఘుమఘుమలు బయటికి రాలేదు. ఆ తరవాత మాత్రం ఎవరూ మొహమాటపడలేదు. డైరెక్టర్ సోమయాజులుగారు పుట్టి బుద్ధెరిగాక చేప ముట్టని మనిషి కాబట్టి, పక్కన నిలబడి తినేవాళ్ళ మొహాలు చూస్తూ కడుపు నింపుకున్నారు.

“ఇంతకీ దీన్ని దేంతో చేశారమ్మా?” అని అడిగారు తహసీల్దారుగారు, నోట్లోంచి ముల్లు తీసుకుంటూ.

“రొయ్య పొట్టుతోనండి. మన చెరువుగట్ల మీద కుప్పలు పోసి కుళ్ళబెడతామే, అదే.”

ఆ పొట్టులోంచి తీసిన పదార్థాన్ని రెండు పొరలుగా సాగదీసి అతికించింది సత్యవేణి. లోపలి పొరలో లవంగనూనె, దాంతోపాటు ఆమె సీసాల్లో పెంచిన ఒక మేలు సూక్ష్మజీవి వదిలే రసం ఉంటాయి. క్రిముల్ని చంపడం దాని పని. పై పొర గిన్నెలోని గాలినీ వాసనల్నీ పీల్చేసుకుంటుంది. వాడి మట్టిలో పడేస్తే వానాకాలం వెళ్ళేలోగా మట్టైపోతుంది. పత్రాల మీద దానికి నోరు తిరగని పేరొకటి ఉంది గానీ, ఊళ్ళో అందరూ రొయ్యకాగితమనే అంటున్నారు. తుపాను వచ్చి కరెంటు పోయి, పడవలు కూడా తిరగని లంక గ్రామాల్లో వండిన కూడు నిలబెట్టడం కోసం పుట్టిన వస్తువది.

చంపే పొర లోకం కోసం. పీల్చే పొరని మాత్రం, నిజం చెప్పుకోవాలంటే, సత్యవేణి తన కోసమే చేసుకుంది. భీమవరం కాలేజీకి బస్సులో వెళ్ళొచ్చే రోజుల్లో అక్క మంగతాయారు కట్టిచ్చిన క్యారేజీ మూత తీస్తే చాలు, తోటి ఆడపిల్లలు బెంచీ చివరికి జరిగిపోయేవాళ్ళు. ఒకమ్మాయి అయితే కిటికీ తెరిచి, చున్నీతో గాలి విసిరింది. ఆ సాయంత్రం సత్యవేణి ఇంటికి వచ్చి క్యారేజీ విసిరికొట్టి, “రేపట్నుంచి నాకు చేప పెట్టకు” అని ఏడ్చింది. అక్క ఎదురు మాట్లాడలేదు. ఆ మర్నాటి నుంచి చెల్లి చదువు అయ్యేదాకా ఆదివారం తప్ప ఆ ఇంట్లో చేప పొయ్యెక్కలేదు. చేప లేనిదే ముద్ద దిగని మంగతాయారు పప్పుచారుతో సరిపెట్టుకుంది.

లాంచీ బోల్తాపడి అమ్మానాన్నలు గోదాట్లో కలిసిపోయినప్పుడు సత్యవేణికి ఊహ కూడా సరిగా లేదు. అప్పటికి మంగతాయారుకి పెళ్ళిచూపులు చూస్తున్నారు. అవి అక్కడితో ఆగిపోయాయి. లేసు అల్లి చెల్లిని చదివించింది. ఆ వేళ్ళ మధ్య సూది ఎంత జోరుగా తిరిగేదంటే, రేవు వీధిలో పిల్లలు చూడ్డానికి వచ్చి గుమ్మంలో కూర్చునేవాళ్ళు.

అలాంటి అక్కకి తను చేసిన వస్తువు చూపించాలని ఎవరికుండదు? ఇంకా పరీక్షలు పూర్తి కాకుండానే, ఎవరికీ చెప్పకుండా, సత్యవేణి ఒక దస్తా రొయ్యకాగితాలు తీసుకెళ్ళి అక్క చేతిలో పెట్టింది.

మంగతాయారు ఒకటి విప్పి వెలుగులో పట్టుకుంది. చేత్తో నిమిరింది.

“ఏవే, ఇది నువ్వే చేశావా? ఉల్లిపొరలాగుందే!”

“నేనే చేశానక్కా. గిన్నె మీద కప్పి అంచులు నొక్కితే చాలు, అతుక్కుంటుంది. ఒకసారి వాడాక పారెయ్యాలి, తెలిసిందా?”

“ఆఁ, సర్లే. నువ్వు ముందు అన్నానికి లే.”

సత్యవేణి లేచింది. ఎందుకు పారెయ్యాలో చెప్పలేదు. అక్క పక్కింటి రాఘవమ్మ పిన్నినీ, ఎదురింటివాళ్ళనీ అప్పుడే కేకేసింది. చూసినవాళ్ళందరికీ తలా రెండు కాగితాలు పంచింది. పంచుతున్నంతసేపూ “మా చెల్లి చేసింది, మా వేణి చేసింది” అంటూనే ఉంది. సత్యవేణి సిగ్గుపడుతూనే ముసిముసిగా నవ్వుకుంది.

కొన్నాళ్ళకి మళ్ళీ వెళ్ళినప్పుడు పెరట్లో దండెం మీద తెల్లటి లేసు ముక్కల మధ్య ఒక రొయ్యకాగితం ఆరుతూ కనిపించింది. రెండు కొసలకీ క్లిప్పులు పెట్టి మరీ ఆరేసింది మంగతాయారు. సత్యవేణికి నవ్వొచ్చింది. పాల ప్యాకెట్లు కడిగి గోడకి అంటించి ఆరబెట్టే ఇల్లది. హార్లిక్స్ సీసాలో పోపుగింజలు, పాత చీరల్లో బొంతలు. ఆ ఇంట్లో ఒకసారి వాడి పారేసిన వస్తువంటూ ఏదీ ఉండదు. అక్క మారదు అనుకుంది. బయట ఆఫీసు జీపు హారన్ కొడుతోంది. వచ్చేవారం చెబుదాంలే అనుకుని వెళ్ళిపోయింది.

ప్రయోగశాలలో తన కింద పనిచేసే హేమసుందర్ దాదాపు ఆ రోజుల్లోనే ఒక వింత చూపించాడు. వాడేసిన ముక్కొకటి కిటికీ గట్టు మీద ఎండలో ఉండిపోయిందట. “మేడమ్, ఇది మళ్ళీ వాసనలు పీలుస్తోందండి. పట్టిందంతా ఎండకి వదిలేసి మళ్ళీ కొత్తదైపోయింది.”

“చంపే పొర సంగతేంటి?”

“అది పోయినట్టేనండి. అయినా మనం రెండోసారి వాడం కదా.”

“బాగుంది. తీరిగ్గా చూద్దాం,” అంది సత్యవేణి. ఢిల్లీ నుంచి అధికారులు వచ్చే వేళ దగ్గరపడింది. జిల్లాలోని తుపాను శిబిరాలన్నింటికీ రొయ్యకాగితం పంపడమా మానడమా అన్నది వాళ్ళే తేలుస్తారు. తీరిక ఎవరికుంది?

ఆ ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

“పండుగప్ప దొరికిందే వేణీ. ఇంతేసి ముక్కలు. ఇగురు పెట్టాను. మజ్జానానికి వచ్చెయ్యి.”

“ఈ వారం కుదరదక్కా. ఢిల్లీవాళ్ళకి చూపించాల్సినవి సిద్ధం చేసుకోవాలి.”

“అయ్యో. పోన్లే, నీ కాగితం కప్పి పెడతాలే. అది ఉండగా నాకేం బెంగ? వచ్చే ఆదివారం రా.”

వచ్చే ఆదివారమూ కుదరలేదు. “నీ కూర నీకోసం కాచుక్కూర్చుందే, రాయిలా ఉంది, చెక్కుచెదరలేదు,” అని ఫోన్లో నవ్వింది అక్క. తను చేసిన వస్తువుని అక్క మెచ్చుకున్నందుకు సత్యవేణి కూడా పొంగిపోతూ నవ్వింది. ఆ మూడో ఆదివారం ఏం జరిగిందో ఎవరూ చూడలేదు గానీ, ఊహించడం కష్టం కాదు. చెల్లి ఇక రాదని తేలాక, అంత మంచి చేప పారేయడం ఇష్టంలేక, మంగతాయారు పొద్దున్నే చద్దన్నంలోకి ఆ ఇగురు వేసుకుంది. చల్లగానే వేసుకుంది. చేపల కూర రెండోసారి పొయ్యెక్కిస్తే ముక్క విరిగిపోతుందని ఆ వైపు ఆడవాళ్ళు ఎవరూ వెచ్చబెట్టరు. చద్దన్నంలో చల్లటి చేపల కూర రుచి తెలిసినవాళ్ళకి ఆ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

మర్నాడు రాఘవమ్మ పిన్ని ఫోన్ చేసింది. “అమ్మాయ్, మీ అక్క చేతిలో సూది నిలబడ్డం లేదు. రెప్పలు వాలిపోతున్నాయి. మాట ముద్దముద్దగా వస్తోంది. ఒకసారి రావే.”

సత్యవేణి పరుగున వెళ్ళింది. మంగతాయారు మంచం మీద కూర్చుని ఉంది. వాలిన రెప్పని వేలితో పైకెత్తి చెల్లి మొహం చూసింది. “ఇద్దరు వేణులు కనపడుతున్నారే. ఒకత్తితోనే వేగలేక చస్తుంటే,” అని నవ్వబోయింది. నవ్వు ఒక పక్కకే వచ్చింది.

భీమవరం ఆస్పత్రిలో డాక్టరు ముందుగా అడిగిన మాట, “ఏం తిన్నారు?” అని.

“మజ్జిగన్నం బాబూ. అందులోకి మాగాయి ముక్క,” అంది మంగతాయారు.

“ఇంకేమీ తినలేదా? చేప, మాంసం, డబ్బా సరుకు?”

“లేదు బాబూ. ఒంట్లో బాలేక ఏమీ తినలేదు.”

మాట తడబడుతున్నా ఆ జవాబులో తడబాటు లేదు. పక్కనే నిలబడ్డ సత్యవేణి కూడా తలూపింది. అక్క అబద్ధమాడగా ఆమె ఎన్నడూ వినలేదు. మెదడులో రక్తనాళం మూసుకుందేమో అన్నారు, నరాల జబ్బేమో అన్నారు. పరీక్ష మీద పరీక్ష చేశారు. ఏదీ తేలలేదు. ఈలోగా మంగతాయారుకి మింగడం పోయింది, మాట పోయింది, కాళ్ళు చేతులు పోయాయి. గొంతులో గొట్టం వేశారు. ఒళ్ళంతా రాయైపోయినా లోపల మనిషి మాత్రం మెలకువగానే ఉంది. సత్యవేణి రెప్పలెత్తి పట్టుకుంటే కళ్ళు ఆమెనే చూసేవి. ఆ చూపులో బాధ ఉంది, భయం ఉంది. ఏదో చెప్పాలనో, చెప్పకూడదనో ఒక తాపత్రయం కూడా ఉంది. అది సత్యవేణికి అర్థం కాలేదు.

ఢిల్లీవాళ్ళు వచ్చిన రోజున సత్యవేణి ఆస్పత్రిలోనే ఉండిపోదామనుకుంది. చెవి దగ్గర వంగి, “వెళ్ళనా అక్కా? వద్దంటే వెళ్ళను,” అంది. అక్క రెప్పల్ని వేళ్ళతో ఎత్తి చూసింది. మంగతాయారు కనుగుడ్లు తలుపు వైపు తిరిగాయి. వెళ్ళు, వెళ్ళు అన్నట్టు మళ్ళీ తిరిగాయి. సత్యవేణి వెళ్ళింది. ఆవేళ తహసీల్దారుగారి ముందు తీసినట్టే ఢిల్లీవాళ్ళ ముందూ గిన్నె మీద పొర తీసింది. చప్పట్లు కొట్టారు. ఆమె తిరిగి వచ్చేసరికి మంచం పక్కన యంత్రం ఆపేసి ఉంది.

చిన్నకర్మ నాడు చుట్టాలకి వంట చేయాలని వంటింటి అలమర తెరిచింది సత్యవేణి. వెనక వరసలో ఒక గిన్నె ఉంది. పైన రొయ్యకాగితం బిగుతుగా అతుక్కుని ఉంది. తీసి చూసింది. పండుగప్ప ఇగురు. సగం తినగా సగం మిగిలింది. నూనె మెరుస్తోంది, ముక్క గట్టిగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా లేదు.

పాపిష్ఠి మనసు, ఒక్క క్షణం గర్వపడింది. ఎన్ని రోజులైనా చూడు, ఎలా నిలబెట్టానో అనుకుంది.

ఆ తరవాత చేతిలో ఉన్న కాగితం వంక చూసింది. దాని మెరుపు పోయింది. అంచులు పీచులు లేచాయి. రెండు కొసల దగ్గరా క్లిప్పు పళ్ళ గుర్తులు పడ్డాయి, ఒకదాని మీద ఒకటి, ఎన్నో. దాన్ని ఒకసారి కాదు, చాలాసార్లు ఉతికారు. సత్యవేణి అలమరకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. ఎవరో వచ్చి ఏమైందని అడిగారు. ఏడుపనుకున్నారు. ఏడుపు ఇంకా రాలేదు.

గిన్నెనీ కాగితాన్నీ తీసుకుని అలాగే ప్రయోగశాలకి వెళ్ళింది. పరీక్షల ఫలితాలు హేమసుందర్ చదివి వినిపించాడు. చంపే పొర ఉతుకుడికి పూర్తిగా కరిగిపోయింది. పీల్చే పొర ఎండకి ఆరిన ప్రతిసారీ కొత్తదవుతూ, గిన్నెలో గాలి లేకుండా చేస్తూ వచ్చింది. గాలి లేని చోటే పెరిగే క్రిమి ఒకటుంది. అది వదిలే విషం చిటికెడైనా అక్కర్లేదు, నరాల్ని ఒక్కొక్కటిగా పడుకోబెడుతుంది. అన్నం ఉడికేంత వేడి తగిలితే ఆ విషం విరిగిపోతుంది. ప్రయోగశాలలో ప్రతిసారీ కూర వెచ్చబెట్టే తిన్నారు. ఇక ఏ కూరైనా చెడితే కంపు కొడుతుంది, కొట్టి మనిషిని దూరంగా నెడుతుంది. ఆ కంపునంతా సత్యవేణి చేసిన పొర శుభ్రంగా తాగేసింది.

ఆస్పత్రి డాక్టరుకి ఫోన్ చేసి చెప్పింది.

“విరుగుడు ఉందండీ దానికి. హైదరాబాదు నుంచి తెప్పించేవాళ్ళం. మొదటి రోజే చేప తిన్నానని ఆవిడ ఒక్క మాట అని ఉంటే...” అని ఆగిపోయారు. “ఆవిడకి గుర్తులేకపోయి ఉంటుంది లెండి.”

అవును, గుర్తులేకపోయి ఉంటుంది అనుకుంది సత్యవేణి. అలా అనుకోకపోతే ఊపిరి ఆడేలా లేదు.

సోమయాజులుగారు చెడ్డమనిషి కాదు. విషయం విని కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. కానీ ఢిల్లీ నుంచి అనుమతి వచ్చేసింది. శిబిరాలకి పంపాల్సిన కట్టలు వరండాలో పేర్చి ఉన్నాయి.

“ఒకసారే వాడాలని మనం చెబుతూనే ఉన్నాం కదమ్మా. ఆవిడ ఉతికారు. అందులో మన వస్తువు తప్పేముంది?” అన్నారు నెమ్మదిగా. “ఇంకా పెద్ద అక్షరాలతో అచ్చు వేయిద్దాం. వచ్చే తుపానుకి ఇది లేకపోతే లంకల్లో ఎంతమంది పస్తులుంటారో నీకు తెలుసు.”

“మా అక్క ఉతుకుతుందని నాకు తెలుసండి. దండెం మీద చూశాను కూడా. ఎండ తగిలితే ఇది మళ్ళీ పీలుస్తుందనీ తెలుసు. ఈ రెండూ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. రెండూ కలిపి ఆలోచించలేదు.”

“నిన్ను నువ్వు అంత నిందించుకోకు.”

“నిందించుకోవడం కాదండి. లంకల్లో ఉన్నవాళ్ళు మా అక్కలాంటి వాళ్ళే. ఇంత మంచి కాగితం ఒక్కరూ పారెయ్యరు. అచ్చు ఎంత పెద్దగా వేసినా పారెయ్యరు.” సత్యవేణి వరండాలో కట్టల వంక చూసింది. “చెడిన కూర కంపు కొట్టాలండి. అది దాని నోరు. ఆ నోరు నేను నొక్కేశాను. ఇది ఆపెయ్యాలి. ఢిల్లీకి నేనే చెబుతాను. మా అక్క తప్పని మాత్రం ఎవరూ రాయొద్దు.”

చెప్పింది. అడిగినవాళ్ళందరికీ, అడగనివాళ్ళకి కూడా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. వరండాలో కట్టలు మళ్ళీ గోదాములోకి వెళ్ళాయి. ప్రయోగశాల ముందు పేరు పెట్టి తిట్టినవాళ్ళున్నారు, మెచ్చుకున్నవాళ్ళున్నారు. రెండూ ఆమె చెవికెక్కలేదు. ఎన్నేళ్ళ పనో నీళ్ళపాలైంది. అందుకు బాధపడాలని గుర్తు కూడా రాలేదు.

ఇక మిగిలింది రేవు వీధిలో అక్క పంచిపెట్టిన కాగితాలు వెనక్కి తీసుకోవడం. సాయంత్రం నీరెండలో ఇంటింటికీ వెళ్ళింది. అన్ని దండేల మీదా అవే కనిపించాయి, రవికల పక్కన, పిల్లల నిక్కర్ల పక్కన, ఎండకి తళతళలాడుతూ. ప్రతి గుమ్మంలోనూ నిలబడి అదే సంగతి చెప్పింది. కొందరు గబగబా తెచ్చి ఇచ్చారు. ఒకావిడ కాగితాన్ని పాములా రెండు వేళ్ళతో పట్టుకుని తెచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ వీధిలో కూర రెండు రోజులకంటే మిగలదు, తినేవాళ్ళు ఎక్కువ. కూర దాచిపెట్టి ఎదురుచూడాల్సిన మనిషి మంగతాయారుకి ఒక్కదానికే ఉంది.

చివర్న రాఘవమ్మ ఇంటికి వచ్చింది. పిన్ని అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్ళో రొయ్యకాగితం మడతపెట్టి ఉంది.

“ఇది ఇవ్వనమ్మాయ్,” అంది ముందే. “మీ అక్క గుర్తు.”

“పిన్నీ, అది మంచిది కాదు. దానివల్లే అక్క...”

“తెలుసు.”

సత్యవేణి అరుగు మీద కూర్చుంది. “ఎవరు చెప్పారు? ఎదురింటివాళ్ళా?”

“ఎదురింటివాళ్ళెందుకు చెబుతారే? మీ అక్కే చెప్పింది.” రాఘవమ్మ కాగితం మడత విప్పి మళ్ళీ మడిచింది. “పాలకవర్లు కడిగేది పొదుపు కోసమే. దీన్ని ఉతికింది అందుకు కాదు. ‘మా చెల్లి చేత్తో చేసింది పిన్నీ, పెంట మీద ఎలా పారేస్తాను’ అనేది. మాకూ అదే నేర్పింది. పారేస్తే ఒప్పుకునేది కాదు.”

సత్యవేణి తన చేతిలో ఉన్న కాగితాల కట్టని అరుగు మీద దించింది.

“ఆవేళ పొద్దున్న కళ్ళకి అన్నీ రెండేసి కనపడుతున్నాయంది. ‘ఆ ఇగురే తేడా చేసినట్టుందే పిన్నీ’ అంది. ఆస్పత్రిలో చెబుదాం పదవే అన్నాను. నా చెయ్యి తీసి దాని నెత్తి మీద పెట్టుకుని ఒట్టేయించుకుంది. ‘ఢిల్లీవాళ్ళు వస్తున్నారు, చేప పేరెత్తావంటే చెల్లి చేసిందంతా గంగలో కలుస్తుంది. నా కళ్ళదేముంది, రెండ్రోజుల్లో అవే కుదురుకుంటాయి’ అంది. నీతో అస్సలు అనొద్దంది.” ముసలామె ఒళ్ళో కాగితాన్ని అరచేత్తో నొక్కిపట్టింది. “అంతవుతుందని దానికీ తెలీదు, నాకూ తెలీదమ్మా. ఒట్టేశాను కదాని నోరు కుట్టేసుకున్నాను. రోజూ ఆస్పత్రికొచ్చి ఆ మంచం పక్కనే నిలబడ్డాను. డాక్టరు ఎదురుగానే నిలబడ్డాను. చెప్పలేదు.”

వీధిలో ఎవరో సైకిలు మీద పూలమ్ముకుంటూ వెళ్ళారు. సత్యవేణికి ఆస్పత్రిలో అక్క చూపు అప్పుడు అర్థమైంది. మాట పోయాక, చేతులు పోయాక, రాయైపోయిన ఒంట్లో ఒంటరిగా పడి ఉండి కూడా, అక్క ఆ ఒక్క సంగతినీ కాపలా కాసింది. తలుపు వైపు కళ్ళు తిప్పి వెళ్ళమని తరిమింది. ఆ తలుపు దాటే తను వెళ్ళి చప్పట్లు కొట్టించుకుంది.

రాఘవమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పమ్మాయ్. నువ్వు చదువుకున్నదానివి. నేను ఆ రోజే డాక్టరుతో చెప్పుంటే అది బతికేదా?”

హైదరాబాదు నుంచి తెప్పించేవాళ్ళం అన్న డాక్టరు గొంతు సత్యవేణి చెవిలో మోగుతూనే ఉంది. ఈ వీధి మొదటి గుమ్మం నుంచి ఇప్పటిదాకా ఆమె ఎవరి దగ్గరా ఏదీ దాచలేదు. రాఘవమ్మ మొహంలోకి చూసింది. ముడతల మధ్య ఆ కళ్ళు ఆమె నోటినే కనిపెట్టుకుని ఉన్నాయి.

“లేదు పిన్నీ,” అంది సత్యవేణి. “చెప్పినా ఏం లాభం ఉండేది కాదు. దానికి మందు లేదు.”

“నిజంగా?”

“నిజంగా.”

రాఘవమ్మ కళ్ళు మూసుకుంది. గుండెల్లోంచి పెద్ద ఊపిరి ఒకటి బయటికి వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుని, ఒళ్ళో ఉన్న కాగితాన్ని తీసి సత్యవేణి చేతిలో పెట్టింది.